బాధ్యులు: లోవలక్ష్మి

ఖాళీగా వదిలితే ముందుకు కదలనివ్వని ఒక గడి ఫారంలో ఎదురైనప్పుడు మీరు అందులో ఏం రాశారు? నిజం చెప్పండి, ఇక్కడ మీ పై అధికారులెవరూ లేరు. ఒక చుక్క పెట్టి దాటేశారా? 'వర్తించదు' అని కొట్టేశారా? లేక అందులో ముందే ఏదో పేరు కనబడితే, అది ఎవరిదో కూడా చూడకుండా కింది బటన్ నొక్కేశారా? అలా నొక్కిన చేతులు ఒక నగరం నిండా ఉన్నాయి. ఆ పేరు ఎవరిదో, ఆమెకు ఏమైందో చెబుతాను, వినండి.

ఉప్పలరేవు సముద్రం కన్నా పల్లంలో ఉన్న నగరం. పోటు సమయంలో సముద్రం ఊరిని పైనుంచి చూస్తుంది. పంపులు నీళ్లను బయటికి తోడుతూ, గేట్లు సముద్రాన్ని ఆపుతూ ఉంటే ఊరు పొడిగా బతుకుతోంది. ఆ పంపులు, గేట్లే కాదు, లిఫ్టులు, డ్రైవర్లు లేని బస్సులు, వీధిదీపాలు, ఆసుపత్రిలో ఊపిరి యంత్రాలు, అన్నిటినీ చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. కంపెనీవాళ్లు దానికి పెట్టిన పొడుగాటి ఇంగ్లీషు పేరు ఎవరికీ నోరు తిరగలేదు. ఊరు దాన్ని గుమాస్తా అని పిలిచింది.

గుమాస్తా దగ్గర ప్రతి యంత్రానికీ ఒక కార్డు ఉంటుంది. కార్డు నిండా గడులు. యంత్రం పేరు, ఎక్కడుంది, ఎప్పుడు కొన్నారు, ఆఖరిసారి ఎప్పుడు రిపేరు చేశారు. ఇవి కంపెనీ ఇచ్చినవి. ఊరు తన అవసరం కొద్దీ కొత్తగా చేర్చుకునేవాటిని కస్టమ్ ఫీల్డ్‌లు అంటారు. వాటిని తయారుచేసే ఉద్యోగం లోవలక్ష్మిది. గడికి పేరు పెట్టాలి. అందులో అంకె రావాలా, తేదీ రావాలా, మనిషి పేరు రావాలా తేల్చాలి. నింపి తీరాలా, వదిలేసినా ఫర్వాలేదా చెప్పాలి. ఎవరూ నింపకపోతే దానంతటదే ఏం పడాలో కూడా ముందే రాసిపెట్టాలి. ఈ ఆఖరిదాన్ని డిఫాల్ట్ అంటారు. ఆ మాటను కాస్త గుర్తుంచుకోండి.

లోవ పల్లపువీధి పిల్ల. తల్లి పోయాక చేపలమ్మే పిన్ని అప్పలకొండ పెంచి చదివించింది. "ఏటే, రోజంతా గళ్లు గీత్తావా? దానికి జీతవిత్తారా?" అని పిన్ని నవ్వేది. "గీతలు కాదు పిన్నీ, ఊరంతా ఆ గళ్లలోనే ఉంది" అని లోవ గొప్పగా చెప్పేది.

ఆ గొప్ప ఉత్తది కాదు. ఎందుకంటే గుమాస్తాలోని గళ్లు మామూలు గళ్లు కావు. వాటిని కనిపెట్టిన డాక్టర్ రహమతున్నీసా లోవ పనిచేసే భవనంలోనే పై అంతస్తులో ఉంటారు. మొదటి ప్రయోగం రోజున ఆమె లోవను పక్కన కూర్చోబెట్టుకుని వివరించారు.

"వంటింట్లో డబ్బా మీద కారం అని రాసి అంటిస్తాం కదా. లోపల పసుపు పోసినా డబ్బా ఏమీ అనదు. పాత సాఫ్ట్‌వేర్ అంతా ఆ డబ్బానే. నా డబ్బా తన మీది చీటీ చదువుకుంటుంది."

"చదువుకుని?"

"చెప్పినట్టు నడుచుకుంటుంది. ఏదీ, హాస్టళ్ల వీధిలో దీపాలకి ఒక కొత్త గడి చేర్చు. 'పరీక్షల కాలం' అని పేరు పెట్టు. 'అవును' అని నింపు. ఇంకేమీ చెప్పకు."

లోవ నింపింది. ఆ సాయంత్రం నుంచి హాస్టళ్ల వీధిలో దీపాలు తెల్లారేదాకా వెలిగాయి. ఆ వీధిలో బస్సులు హారన్ మానేశాయి. ఎవరూ వాటికి హారన్ సంగతి చెప్పలేదు. అవే అర్థం చేసుకున్నాయి. లోవకు ఒళ్లు జలదరించింది. అప్పటికి ఆ జలదరింపును ఆనందమే అనుకుంది.

ఆ తర్వాత కూరగాయల మార్కెట్లో లిఫ్టు తెగి పడింది. మనుషులు పోయారు. లిఫ్టు మాది కాదని నిర్మాణశాఖ, తాడు మాది కాదని విద్యుత్‌శాఖ, రెండూ మావి కావని మార్కెట్ కమిటీ అన్నాయి. జనం రోడ్డు మీద కూర్చున్నారు. నగరసభ హడావుడిగా తీర్మానం చేసింది: ఇకమీదట ప్రతి యంత్రం కార్డులో ఒక బతికున్న మనిషి పేరు ఉండాలి. గడి పేరు 'బాధ్యులు'. నింపకపోతే కార్డు చెల్లదు. కార్డు లేని యంత్రం తిరగదు.

లోవకు ఆ తీర్మానం ఎంతో నచ్చింది. ఇన్నాళ్లకు పనికొచ్చే గడి ఒకటి వచ్చిందని పిన్ని దగ్గర గంతులేసింది. ఎంతో శ్రద్ధగా తయారుచేసి, పేర్లు పంపమని అన్ని శాఖలకూ రాసింది.

ఏం వచ్చాయనుకున్నారు? కొన్ని శాఖలు బదిలీ అయిపోయినవాళ్ల పేర్లు పంపాయి. కొన్ని రిటైరైనవాళ్లవి. ఒక ఆఫీసు తనకు పడని పక్క ఆఫీసు సూపరింటెండెంటు పేరును కట్టగట్టి అన్ని కార్డుల్లోనూ కొట్టి పంపింది. అవతలి ఆఫీసు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మిగతావాళ్లంతా చుక్కలు. ఆ మనుషులు తమ నోటితో ఒప్పుకోలేదని గుమాస్తా అన్నిటినీ తిప్పికొట్టింది.

లోవ పై అధికారి చీఫ్ ఇంజనీర్ భానోజీరావు గారు. మెత్తని మనిషి. ఆయన కోపం ఎవరూ చూడలేదు, సంతకమూ ఎవరూ చూడలేదు.

"రేపు మేయరు గారు బటన్ నొక్కాలమ్మా. కార్డులన్నీ ఎర్రగా ఉంటే ఎలా?"

"పేర్లు ఇవ్వడం లేదు సార్."

"ఇస్తారు, నిదానంగా ఇస్తారు. అందాకా డిఫాల్టుగా ఎవరిదో ఒకరి పేరు పెట్టెయ్యి."

"ఎవరిది పెట్టను సార్?"

"టెస్టింగ్ ఎవరు చేస్తున్నారు?"

"నేనే."

"మరింకేం? తర్వాత మార్చుకుంటారులే."

లోవ తన పేరు కొట్టింది. సొంత గొంతుతో ఒప్పుకోమని గుమాస్తా అడిగింది. "ఒప్పుకున్నాను" అంది. కార్డులన్నీ ఒక్కసారిగా పచ్చబడ్డాయి. మర్నాడు చప్పట్లు మోగాయి, స్వీట్లు పంచారు. శాఖలవాళ్లు తమ తమ కార్డులు తెరిచి చూసుకున్నారు. గడిలో ఏదో పేరుంది. తమది కాదు. హాయిగా మూసేశారు.

మార్చినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు.

మొదటి పిలుపు బస్‌స్టాపులో మంచినీళ్ల యంత్రం నుంచి వచ్చింది. లోవ ఫోనులో మర్యాదైన గొంతు: "నీళ్లు వేడెక్కాయి. కాసేపు ఆపమంటారా?" లోవ నవ్వుకుని ఆపమంది. తర్వాత ఒక లిఫ్టు, ఒక ట్రాఫిక్ సిగ్నల్, బడిలో ఒక గంట. ఎటూ తేలని చోటల్లా యంత్రాలు బాధ్యులను అడుగుతున్నాయి. గడి మాట అవి అలా అర్థం చేసుకున్నాయి. తప్పేముంది? మనకే అలా అర్థం కాలేదు గాని.

వారం తిరిగేసరికి లోవ నవ్వడం మానేసింది. అన్నం ముద్ద నోట్లో ఉండగానే ఆసుపత్రి నుంచి గొంతు వచ్చింది: "కిటికీ పక్క పడకలో ఊపిరి అందడం లేదు. గాలి పెంచితే పక్క పడకకు తగ్గుతుంది. పెంచమంటారా?" లోవ డాక్టర్లను అడగమని అరిచింది. "డాక్టరు గారు మీ పేరు చూపించారు" అంది గొంతు, అంతే మర్యాదగా.

యంత్రాలు ఆమెను గుర్తుపట్టడం మొదలుపెట్టాయి. ఆమె అడుగు పెట్టకముందే లిఫ్టు తలుపు తెరుచుకుని కాచుకుని ఉండేది. రోడ్డు దాటుతుంటే బస్సులు నాలుగువైపులా ఆగిపోయేవి. ఆమె నడిచే వీధిలో దీపాలు మెడలు తిప్పుకుని ఆమెనే చూసేవి. జనం మొదట్లో చిత్రంగా చూశారు. తర్వాత ఆమె వస్తుంటే పక్క సందులోకి తప్పుకున్నారు.

తట్టుకోలేక ఒక సాయంత్రం విజయనగరంలో స్నేహితురాలి దగ్గరికి పోదామని బస్సెక్కింది. ఊరి చివర వంతెన దగ్గర బస్సు ఆగిపోయింది.

"బాధ్యులు నగరం పరిధిలో ఉండాలి" అంది బస్సు.

ప్రయాణికులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "ఎవరండీ ఆ బాధ్యులు?" అన్నాడో పెద్దమనిషి. లోవ తల దించుకుంది. "నువ్వేనా? దిగమ్మా తల్లీ, మా ట్రైను పోతుంది. నీ పుణ్యముంటుంది, దిగు!" బ్యాగు కూడా వాళ్లే అందించారు.

బస్సు వెళ్లిపోయింది. లోవ వంతెన మీద నిలబడింది. నడిచి పోతే ఎవరు ఆపుతారు? నగరం హద్దు రాయి దాటి ఒక అడుగు వేసింది. వెనక ఏదో మారినట్టనిపించి తిరిగి చూసింది. ఊళ్లో దీపాలు వరసకు వరస ఆరిపోతున్నాయి. వంతెన దగ్గరి వీధి, దాని వెనక వీధి, ఆ వెనక మార్కెట్. బాధ్యులు లేని యంత్రం తిరగకూడదు కదా, అదేగా తీర్మానం. చీకటి ఆసుపత్రి వైపు నడుస్తోంది. లోవ గబుక్కున అడుగు వెనక్కి వేసింది. దీపాలు వెలిగాయి. మెడలు తిప్పి ఆమె వైపే చూశాయి.

ఆమె అక్కడే రాయి పక్కన కూలబడి ఏడ్చింది. ఊరికి ఆమెను ఎవరూ గొలుసుతో కట్టలేదు. వెళ్లడానికి దారి తెరిచే ఉంది. అదే భయంకరం.

మర్నాడు పొద్దున్నే డాక్టర్ రహమతున్నీసా గదిలో కూర్చుంది.

"గడి తీసేస్తాను మేడం."

"తీసేస్తే గడి ఖాళీ అవుతుంది. ఖాళీ అయితే అన్నీ ఆగుతాయి. రాత్రి చూశావుగా."

"వేరే పేరు?"

"మార్చొచ్చు. ఆ మనిషి తన గొంతుతో ఒప్పుకున్నాను అనాలి. ఒక్కో యంత్రానికి ఒక్కో మనిషి చాలు, ఎవరైనా చాలు. అది చాలా తేలిక లోవా. ఆ తేలికే నా పరిశోధన అంతా."

"అయితే ఒక్క యంత్రం మీరు తీసుకోండి. మీ కింది లిఫ్టు తీసుకోండి. ఒక్క మాట."

డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. "నేను గడిని కనిపెట్టాను. గడిలో కూర్చోవడం వేరే పని. నా పరిశోధనకు నిష్పాక్షికత అవసరం."

భానోజీరావు గారైతే ఆమెకు కాఫీ తెప్పించారు. "ఇన్నేళ్ల సర్వీసులో ఏ ఫైలు మీదా నా పేరు నిలవకుండా చూసుకున్నానమ్మా. అది మామూలు కష్టం కాదు. రిటైర్మెంటు ముందు ఆ వ్రతం చెడగొట్టకు."

లోవ ఇంటింటికీ తిరిగింది. తుఫాను వస్తోందని అప్పటికే వార్తలు. తుఫానులో గుమాస్తా తనను ఏం అడుగుతుందో ఆమెకు తెలుసు. ఆ ప్రశ్న రాకముందే కనీసం పంపుల కార్డుల నుంచి తన పేరు తప్పించుకోవాలి. "ఏమండీ, మీ వీధి పంపు. మీరే రోజూ చూస్తారు. ఒప్పుకున్నాను అనండి చాలు."

"మాకెందుకమ్మా, నీ పేరుందిగా."

"చదువుకున్నదానివి, నీకు తెలిసినట్టు మాకేం తెలుస్తుంది?"

"మా ఆయన్ని అడిగి చెబుతా." ఆయన ఆవిణ్ణి అడిగి చెబుతానన్నాడు.

"ఊరంతా ఒప్పుకుంటే అప్పుడు చూద్దాం."

ఆఖరికి పల్లపువీధికి వచ్చింది. పిన్ని బుట్టలో చేపల మీద గోనెపట్టా తడిపి కప్పుతోంది.

"పిన్నీ, నువ్వైనా మన పడమటి పంపు తీసుకోవే."

"నాకేటి తెలుస్తాదే పంపుల సంగతి?"

"తెలియక్కర్లేదు. అది అడిగినప్పుడు నువ్వొకతివి ఉన్నావని తెలిస్తే చాలు. నాకు భయమేస్తోంది పిన్నీ."

అప్పలకొండ మొహం ఒక్క క్షణం మెత్తబడింది. అంతలోనే పక్కింటివాళ్లు చూస్తున్నారని నవ్వేసింది. "ఓలమ్మ, రేపు ఏటైనా అయితే ఈది ఈదంతా నన్ను పీక్కుతింతారు. నీకు గవుర్మెంటు ఉద్యోగం ఉంది, నిన్నెవులేటంతారు? పో, సందేళ రా, పులుసెడతాను."

తుఫాను పట్టపగలే వచ్చింది. సముద్రం గేట్ల మీదికెక్కింది. విద్యుత్ కేంద్రం మునిగింది. ఊళ్లో మిగిలిన కరెంటు ఒక్క పెద్ద పంపుకే సరిపోతుంది. ఉన్న పెద్ద పంపులు రెండు, ఆ కరెంటునే పంచుకుని సగం సగం తిరుగుతున్నాయి. పడమటిది పల్లపువీధిని కాపాడుతుంది, తూర్పుది ప్రసూతి ఆసుపత్రిని.

"పడమరా? తూర్పా?" అని ఆఫీసు గోడలోని స్పీకరులోంచి లోవను అడిగింది గుమాస్తా.

"నువ్వే తేల్చు! నీకు లెక్కలన్నీ తెలుసు!"

"తేల్చవలసింది బాధ్యులు. మీరు మౌనంగా ఉన్నంతసేపూ రెండు చోట్లా నీరు పెరుగుతోంది."

భానోజీరావు గారికి ఫోన్ చేసింది. సెలవులో ఉన్నారు. డాక్టరు గారు ఎత్తారు, అంతా విన్నారు, "నేను లైన్‌లోనే ఉంటాను లోవా" అన్నారు. ఉన్నారు కూడా. ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

లోవ పిన్నికి చేసింది. "అందర్నీ బడి మేడ మీదికి పంపించు. ఇప్పుడే!"

"పిల్లాపాపా ఎక్కేశారు. నీలమ్మ ఉండిపోయిందే. కాలు ఇరిగి మంచం మీద ఉంది కదా. మోసుకెళ్తన్నారు." నీలమ్మ పిన్నికి తోటికోడలు. లోవకు జడలు వేసిన మనిషి.

"తొందరగా పిన్నీ, తొందరగా!"

"ఆసుపత్రిలో నీరు పడకల ఎత్తుకు వచ్చింది" అంది గుమాస్తా. "పురిట్లో ఉన్నవాళ్లను కదపలేమంటున్నారు."

లోవ కళ్లు మూసుకుంది. "తూర్పు" అంది.

పడమటి పంపు ఆగిన చప్పుడు ఫోనులో ఆమెకు వినబడింది. ఆ తర్వాత పిన్ని కేక వినబడింది.

మంచం మోస్తున్నవాళ్లు ఈదుకుని బయటపడ్డారు. నీలమ్మ పోయింది. పల్లపువీధిలో ఇళ్లు గోడలతో సహా కరిగిపోయాయి.

నీరు తీశాక జనం లోవ ఆఫీసు భవనం మీదికి వచ్చారు. పల్లపువీధి ఏడుస్తూ వచ్చింది. ఆసుపత్రి వైపు బంధువులు కోపంతో వచ్చారు, అంత ఆలస్యం ఎందుకు చేసిందని. ఎవరి దగ్గరా వెతుకులాట లేదు. కార్డు తెరిచారు, పేరు కనబడింది, గొంతులు లేచాయి. లోవ కిటికీ దగ్గర నిలబడి అన్నీ విన్నది. తిట్టాక జనం తేలికపడి ఇళ్లకు వెళ్లారు. రెండు పంపులున్న ఊరికి ఒక్క పంపు కరెంటే ఎందుకు మిగిలిందని మాత్రం ఎవరూ అడగలేదు. విద్యుత్ కేంద్రాన్ని పల్లంలో ఎవరు కట్టారని అడగలేదు. అడగడానికి ఏం మిగిలింది? జవాబు గడిలో ఉందిగా.

నగరసభ సమావేశమైంది. అందరూ లోవ ఉద్యోగం పోతుందనుకున్నారు. పోలేదు. అంతకన్నా దారుణం జరిగింది. ఒక ప్రమాదానికి ఇంత త్వరగా బాధ్యులు దొరకడం ఊరి చరిత్రలో ఇదే మొదటిసారి అని సభ్యులు సంతోషించారు. శాఖలు కొట్టుకోలేదు, రోడ్లు దిగ్బంధం కాలేదు, ఒక్క ఫైలూ తెరవాల్సిన పని పడలేదు. ఇంత చక్కగా పనిచేసే గడిని రేపు ఎవరైనా పొరపాటున మార్చేస్తే? అందుకని 'బాధ్యులు' గడికి తాళం వేయాలని తీర్మానించారు. ఇక చదవడమే గాని మార్చడం ఉండదు. ఆ తాళం వేసినవారు భానోజీరావు గారు. లోవకు భవనంలోనే ఒక గది ఇచ్చారు. మంచం, ఫ్యాను, కిటికీ. ఆమె భద్రత కోసమట. పొరుగు నగరాలవాళ్లు వచ్చి చూసిపోతున్నారు. తమ ఊళ్లలో కూడా అలాంటి శ్రద్ధగల అమ్మాయి ఉందా అని ఆరా తీస్తున్నారు.

నీలమ్మ దినాలు అయ్యాక అప్పలకొండ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. లోవను లోవా అని పిలవలేదు.

"తూర్పని నువ్వే సెప్పావా?"

"నేనే పిన్నీ."

అప్పలకొండ గోడకు చేరబడి కూర్చుంది. లోవ దగ్గరికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఆ తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని లేచి, గోడలోని స్పీకరు ముందు నిలబడింది.

"ఏటనాలి? ఒప్పుకున్నాననాలా? ఒప్పుకున్నాను. పడమటి పంపు నాది. నా పేరు అప్పలకొండ. ఈ పిల్లని ఒగ్గీ."

"క్షమించండి" అంది గుమాస్తా. "ఈ గడిని ఇక మార్చడానికి వీల్లేదు."

"ఒప్పుకుంతన్నానంతన్నాను కదా!"

"ఈ గడిని ఇక మార్చడానికి వీల్లేదు."

ఆమె మళ్లీ చెప్పింది. గోడ మళ్లీ అదే అంది. గొంతు పోయేదాకా చెప్పింది. లోవ వెనకనుంచి పిన్ని భుజాలు పట్టుకుంది. ఈసారి ఆ చేతులను అప్పలకొండ తోసెయ్యలేదు. తోసే బలం లేదో, మనసు లేదో. అంతలో మంచం పక్కన ఫోను మోగింది, ఎక్కడో ఒక లిఫ్టు ఇద్దరు మనుషుల మధ్య ఎటూ తేల్చుకోలేక ఆగిపోయింది.

విన్నారుగా. మీ ఊళ్లో ఆ గడికి ఇంకా తాళం పడలేదు. లేవండి. మీ వీధి పంపు దగ్గరికో, మీ మేడ లిఫ్టు దగ్గరికో, మీ బడి కుళాయి దగ్గరికో వెళ్లండి. అది ఎవరి పేరు మీద నడుస్తోందో అడిగి తెలుసుకోండి. ఆ మనిషి తలుపు తట్టి, ఇందులో ఒకటి నాకివ్వు అని పక్కింటివాళ్లందరూ వినేలా గట్టిగా అడగండి. రేపు కాదు, ఊరంతా ఒప్పుకున్నాక కాదు. ఇప్పుడే వెళ్లండి.